చిన్నత్త చదరంగం, ఆఖరి బస్సు

మా చిన్నత్త పోయింది. సోమవారం పొద్దున్న కాఫీ గ్లాసు చేతిలో ఉండగానే కుర్చీలో ఒరిగిపోయిందని తమ్ముడు ఫోన్ చేసేడు. "ఏ కుర్చీలోరా?" అన్నాను. పిచ్చి ప్రశ్నే. "ఏ కుర్చీ ఏటక్కా, గుమ్మం పక్కదే" అన్నాడు వాడు ఏడుస్తూనే.

గుమ్మం పక్క కుర్చీ, ఒళ్ళో చేతిసంచీ. చిన్నత్తని ఎరిగినవాళ్ళకి ఆవిడ అలాగే గుర్తుంటుంది. పెళ్ళిలో అయినా, పేరంటంలో అయినా, ఆఖరికి సొంతింట్లో అయినా అంతే. ఏ క్షణాన్నైనా లేచి పరిగెత్తాలన్నట్టు కూర్చునేది. ఆ అలవాటు ఎక్కణ్ణుంచి వచ్చిందో మీకు చెప్పాలి.

డెబ్బైల చివర. నేను విశాఖలో డిగ్రీ చదువుతున్నాను. చిన్నత్త నాన్నకి చెల్లెలు. అక్కడే ఒక పెద్ద ఆఫీసులో కంప్యూటర్ సెక్షన్లో పనిచేసేది. ఇద్దరం చోడవరం నుంచి ఒకే బస్సులో వెళ్ళి ఒకే బస్సులో వచ్చేవాళ్ళం. సాయంత్రం ఆ బస్సు తప్పితే ఇంకోటి లేదు. వీధరుగు మీద తాతయ్య కాపు కాసి ఉండేవాడు. ఫ్యాక్టరీకెళ్ళే చెరకు బళ్ళు అడ్డమై బస్సు ఆలస్యమైతే తిట్లు బళ్ళకి కాదు, మాకు. ఆ బళ్ళ వెనక ఇరుక్కుపోయి ఉన్నప్పుడే, బల్లా పావులూ లేకుండా ఉత్త నోటితో నాకు చదరంగం నేర్పింది అత్త.

అంతకు ముందే ఆఫీసులో కంప్యూటర్‌కి నేర్పిందిట! పగలంతా దానికి జీతాల లెక్కలు. ఆ సందులో దొరికిన కాస్త టైములోనే అట్టకార్డులకి కన్నాలు పొడిచి నేర్పింది, అప్పటి కంప్యూటర్లు చదివేది ఆ కన్నాలే. ఆ కార్డుల కట్టని సంచీలో పెట్టుకుని బస్సులో ఒళ్ళోంచి దించేది కాదు. "పిల్లనెత్తుకున్నట్టు ఆ సంచీ ఏటత్తా!" అని ఏడిపించేదాన్ని. "తడిస్తే పడిశం పడతాదే దీనికి" అనేది.

అప్పుడే విదేశంలో ఎక్కడో కంప్యూటర్లకి చదరంగం పోటీ పెట్టేరు. మిషన్ కదలక్కర్లేదు, ఉన్నచోటు నుంచే, టైపు కొడితే తీగ మీద పోయే టెలెక్స్‌లో ఎత్తులు పంపొచ్చు. చిన్నత్త అర్జీ పెట్టింది. తీసుకున్నారు. ఆ వారమంతా అత్త కాళ్ళు నేలమీద నిలవలేదు.

ఆట వేళలు తెలిసేసరికి అంతా తారుమారైంది. వాళ్ళ మధ్యాహ్నం మొదలెడితే మనకి చీకటి పడిపోతుంది. రాత్రి మిషన్ ఖాళీయే, వాడుకోమన్నారు ఆఫీసులో. కానీ ఆడవాళ్ళు ఆరు దాటేక అక్కడ ఉండకూడదని రూలు. తాతయ్య రూలు అంతకన్నా పాతది. "ఆడగుంట రాత్రేళ ఆపీసులో ఏటి సేస్తది? ఆట ఆడీది మిషనే కదా, ఆడుకోనీ. నువ్వెందుకు మజ్జిన?" అన్నాడు.

"పగలు మిషన్ నాది కాదు, రాత్రి నేను నాదాన్ని కాదు" అంది అత్త నాతో. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీద మండాలో తెలీక ఆ పూట అన్నం మానేసేను.

ఆదివారం మిషన్‌కి సెలవు. ఆ రోజు పొద్దున్నే ఆట మొదలెడితే మనకి పగలే అవుతుందని, అలా పెట్టమని వాళ్ళకి రాసింది. మర్యాదగానే జవాబిచ్చేరు. అందరినీ అడిగేం, ఎక్కువమందికి మధ్యాహ్నమే కుదిరింది, ఏమీ అనుకోవద్దు అని.

ఇంక చేసేదేముంది! రాత్రి తన బదులు కూర్చోమని పక్కసీటు గుమస్తాకి కార్డుల కట్ట ఇచ్చి, అన్నీ బోధపరిచి, బస్సెక్కేసింది. ఆ సాయంత్రం గుమ్మం పక్క కుర్చీలో, చదరంగం బల్ల ముందేసుకు కూర్చుంది. అక్కడ ఏ ఎత్తు పడుతోందో తెలీదు, ఇక్కడ కదపడానికేం లేదు. తాతయ్య కూడా ఆ పూట వీధి గుమ్మం వైపు రాకుండా పెరటి దారినే తిరిగేడు.

మర్నాడు ఆఫీసు గేటు దగ్గరే గుమస్తా మొహం వేలాడేసుకుని ఎదురొచ్చేడు. "నెగ్గే ఆటేనండీ. అవతలివాళ్ళు కోట కట్టేరు, అంటే రాజూ ఏనుగూ ఒకే ఎత్తులో జరిగేయి. నేను రాజుని ఓ ఎత్తు, ఏనుగుని ఇంకో ఎత్తు కింద మిషన్లో టైపు కొట్టేను. మిషన్ తప్పు తప్పని ఆగిపోయింది. మళ్ళీ మళ్ళీ అదే కొట్టేను. ఈలోగా టైమైపోయింది."

అన్నీ చెప్పిన అత్త అదొక్కటీ చెప్పలేదు, ఎవరికైనా తెలుస్తుందిలే అనుకుని. "రాజునొక్కణ్ణీ కొడితే చాలండీ, ఏనుగు దానంతటదే వస్తాది" అంది మెల్లిగా. ఆయన్ని ఇంకొక్క మాట అన్లేదు.

సాయంత్రం బస్సు సబ్బవరం దాటేక మాత్రం కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. "ఓడిపోతే ఓడిపోనీవే. నేను ఎదురుగా ఉండగా ఓడిపోవల్సింది" అంది.

మరెప్పుడూ పోటీ మాటెత్తలేదు. కానీ మరుసటేడు నన్ను హాస్టల్లో పెట్టమని తాతయ్యతో దెబ్బలాడింది. "దీన్ని కూడా ఆ బస్సుకి కట్టీకండి నాన్నా" అంది. ఏమనుకున్నాడో, ఒప్పుకున్నాడు. నేను హాస్టలుకి వెళ్ళిపోయేను. ఆవిడ రిటైరయ్యేదాకా ఆ బస్సులోనే తిరిగింది.

ఆ పోటీ అయిన దగ్గర్నుంచీ ఊళ్ళో ఎవరు దేనికి వేళ పెట్టినా అడ్డుపడేది. "ఎవరికి కుదుర్తాదని అడక్కండి. రాలేనోళ్ళెవరో ముందడగండి" అనేది. వీధి సంఘం మీటింగు రాత్రి ఏడింటికి అంటే, "ఆ వేళ పొయ్యి కాడున్నోళ్ళెవరు?" అని మధ్యాహ్నం మూడింటికి మార్పించింది. నా పెళ్ళికి రావికమతం నుంచి మా వంటావిడ రావాలి, ముహూర్తం వేళకి బస్సు లేదని పురోహితుడితోనే తగువేసుకుంది! మొండిఘటం అనేవారు. అననీండి, నాకేం.

నిన్న అత్త సంతాప సభ ఎప్పుడు పెట్టాలో అనుకోడానికి అందరం ఇంట్లో చేరేం. "ఆదివారం పొద్దున్న అందరికీ కుదుర్తాదా?" అన్నాడు తమ్ముడు. "అలా కాదురా, రాలేనోళ్ళెవరో అడుగు" అని కసిరేను. అడిగేడు.

ఒక్కొక్కరూ గుమ్మం వైపు చూసేరు. ఖాళీ కుర్చీ చేతికి ఆవిడ సంచీ ఇంకా వేలాడుతోంది.