కొత్త హార్డ్ డిస్క్‌కు పెట్టిన పసుపు

మా చిన్నప్పుడు... మగ్గాల ఊరు భివండీలో, కామత్‌ఘర్‌లోని మా గల్లీ మొత్తానికి ఒక్కటే కంప్యూటర్. అది మా సరితక్క వాళ్లింట్లో ఉండేది. అక్క వాళ్ల నాన్న, మా పెద్దబాపు, ఏదో ఆఫీసులో తీసేసిన పాతదాన్ని కొనుక్కొచ్చి, మంచం పక్కన బల్ల మీద పెట్టి, దుమ్ము పడకుండా టవల్ కప్పాడు.

నాకు ఒళ్లు మండిపోయేది. అక్క దర్జాగా కుర్చీలో కూర్చుంటుంది... నేను వెనకాల నిలబడి చూడాలి. "ముట్టకే, ఖరాబ్ అయితది" అనేది. ఆ డబ్బా పాడైపోవాలని రోజూ మొక్కుకునేదాన్ని.

నిజంగానే పాడైంది! లోపల హార్డ్ డిస్క్ పోయిందన్నారు. లోలోపల ఎంత సంబరపడ్డానో... అదీ రెండు వారాలే. పెద్దబాపు కొత్త డిస్క్ పట్టుకొచ్చాడు.

ఆయన కార్ఖానాలో జాబర్, అంటే మగ్గాలు బాగుచేసే మనిషి. "మగ్గమే ఇప్పి బిగిస్త, గిదెంత?" అంటూ శుక్రవారం, మగ్గాల సెలవు రోజున, స్క్రూడ్రైవర్ పట్టుకుని కూర్చున్నాడు. మా వాళ్లు కొత్త సామాను ఏదొచ్చినా పసుపు కుంకుమ పెట్టనిదే బిగించరు. పెద్దమ్మ పళ్లెం మా ఇద్దరి చేతికిచ్చి, "బొట్లు పెట్టుండ్రి" అని వంటింట్లోకి వెళ్లింది.

పైన సాపుగా ఉన్న చోటంతా అక్కే పెట్టేసింది. మరి నాకు? ఉక్రోషంతో తడి పసుపులో బొటనవేలు ముంచి, వెనకవైపు సన్నటి పిన్నులున్న గాడిలో కసిగా అద్దాను.

పెద్దబాపు అదేమీ చూసుకోకుండా పట్టీలాంటి వైరు గుచ్చి స్విచ్ వేశాడు. తెర మీద డిస్క్ పేరే రాలేదు. వైరు మార్చాడు. స్క్రూలు మళ్లీ బిగించాడు. వెనకున్న చిన్న ప్లాస్టిక్ ముక్క పీకి పక్క పిన్నులకు తొడిగాడు... ఊహూఁ. వైరు పీకిన ప్రతిసారీ దాని మూతికి పసుపు అంటుకుని నాకు కనిపిస్తూనే ఉంది. ఆయన పట్టించుకోలేదు. బొట్టు లేని మిషన్‌ని ఆయన ఎప్పుడు చూశాడు గనక!

నేను బొటనవేలిని గౌనుకు రుద్దుకున్నాను, పసుపు పోలేదు.

మధ్యాహ్నం దాటింది, అన్నం చల్లారిపోయింది. "పాత డబ్బా, కొత్త డిస్క్‌ను పడతలేదు. రేపు తుక్కు కింద భంగార్‌ల ఇచ్చేస్త" అన్నాడు పెద్దబాపు. అక్క మొహం పాలిపోయింది. కంప్యూటర్ పని నేర్చుకుంటే తను కార్ఖానాలో నూలు కండెలు చుట్టే పనికి పోనక్కర్లేదని ఆశ. ఆ సంగతి నాకూ తెలుసు. అయినా చెప్పలేదు...

"ఒక్కసారి నేన్ జూస్త బాపూ" అని అక్క వైరు పీకింది. పిన్నుల మధ్య పసుపు చూసింది. తర్వాత నా బొటనవేలు చూసింది. నేను చెయ్యి వెనక్కి దాచుకున్నాను. తను పాత టూత్‌బ్రష్ తెచ్చి, ఒక్కో పిన్నూ శుభ్రంగా తుడిచి, ఫ్యాన్ కింద ఆరబెట్టి, వైరు గుచ్చింది.

డిస్క్ పేరు వచ్చింది!

"పిన్నులల్ల పసుపు ఎవలు పెట్టిండ్రే?" అని అరిచాడు పెద్దబాపు.

"నేనే బాపూ... సూస్కోలే" అంది అక్క. వీపు మీద దెబ్బ కూడా తనే తింది.

నేను సిగ్గుపడ్డానంటే అబద్ధం. ఇంకా కుళ్లుకున్నాను. కంప్యూటరూ తనదే, తెలివీ తనదే... ఆఖరికి మంచితనం కూడా తనదేనా? నాకేం మిగిల్చింది?

అక్క ఇప్పుడు మా ఊరి పక్కనే కాల్హేర్‌లో ఒక గోదాంలో కంప్యూటర్ మీదే పని చేస్తోంది. మా పిల్లలకేమో ఎవరి ఫోన్ వాళ్లకే... కుళ్లుకోవడానికైనా ఒకరి దగ్గరికి ఒకరు రారు.

ఇన్నేళ్లయినా అక్కకు సారీ చెప్పలేదు నేను. మీరు ఎవరికి చెప్పలేదు?