యోహాను పంతులు రాసిన తోడేలు

చిట్యాలకు రెండు కోసుల దూరంలో, గుట్ట కింద, ఒక మిషను బడి ఉండేది. మట్టిగోడలు, తాటాకు కప్పు. యోహాను పంతులు అక్కడ పద్దెనిమిదేళ్లుగా కూలివాళ్ల పిల్లల వేళ్లు పట్టుకొని ఇసుకలో అక్షరాలు దిద్దించాడు. ఆ కూలివాడలో మొదట చదువుకున్నవాడు ఆయనే. ఆ సంగతి ఆయన నడకలోనే తెలిసేది. మడత నలగని ధోవతితో, ఎండ కూడా తనను చూసి కాస్త పక్కకు జరగాలన్నట్టు నడిచేవాడు.

ఆయనకు ఈర్ష్య ఒక్కరి మీదే. పుల్లమ్మ మీద.

పుల్లమ్మకు ఓనమాలు రావు. పొద్దున్నే గడపగడపకూ తిరిగి పిల్లల్ని పోగుచేసి బడికి తోలుకురావడం ఆమె పని. దారి పొడవునా ఏదో ఒకటి చెబుతూ వచ్చేది. పిల్లల నవ్వులు గుట్ట మలుపులోనే వినిపించేవి, తొలివాన పడ్డ చెలక వాసన మనిషికంటే ముందే వచ్చినట్టు. బడిలోకి వచ్చి ఆయన ముందు కూర్చోగానే ఆ నవ్వులు ఆరిపోయేవి. రోజూ అదే నిశ్శబ్దం, రోజూ అదే మంట.

నిజాం రాజ్యంలో చిన్నపిల్లలకు తెలుగులో అచ్చయిన పుస్తకం దొరకడమే గగనంగా ఉన్న రోజులవి. ఆ ఏడు మిషను పెద్దయ్య కబురు పంపాడు: చిన్న తరగతికి చదువు పుస్తకం వేస్తున్నాం, ఒక్కో పంతులు ఒక్కో పాఠం రాసి, ముందు పిల్లలకు చదివి చూసి పంపాలి, పాఠం కింద రాసినవారి పేరు ఉంటుంది.

అచ్చులో తన పేరు! యోహాను నాలుగు రోజులు కూర్చొని రాశాడు. "తల్లి మాట వినక ఏడ్చిన బాలుని తోడేలు ఎత్తుకొనిపోయెను. ఎముకలు మాత్రమే మిగిలెను."

చదువుతుంటే పిల్లలు ఊపిరి బిగబట్టారు. ఒక్కడూ కదల్లేదు. ఇన్నాళ్లకు తన మాటకూ ఇంత బలం వచ్చిందనుకొని, గుమ్మం దగ్గర నిలబడ్డ పుల్లమ్మ వైపు గర్వంగా చూశాడు. ఆమె మాత్రం పిల్లల మొహాలే చూస్తోంది.

గుట్ట మీద నిజంగానే తోడేళ్లున్నాయి. వాడలో ఇళ్లకు తలుపుల్లేవు, తడికలే. తల్లులు చీకటి విడవకముందే కలుపుకు పోతే, పుల్లమ్మ వచ్చేదాకా పిల్లలు తడికె వెనక ఒంటరిగా కూర్చునేవారు. ఈ సంగతులన్నీ యోహానుకు తెలుసు. పాఠం రాసేటప్పుడు మాత్రం ఒక్కటీ గుర్తుకు రాలేదు.

నాలుగోనాడు నర్సింగమ్మ మరో ముగ్గురు ఆడవాళ్లను వెంటేసుకొని బడికి వచ్చింది. చంకలో ఐదేళ్ల కొడుకు, వాడి పిడికిట్లో ఆమె కొంగు.

"ఏం పంతులూ, గిదేం సదువు? మా పోరడు నా కొంగు ఇడుస్తలేడు. మూడు దినాలాయె, కూలికి పోలే!"

"అది నీతి పాఠం నర్సింగమ్మా. పిల్లలకు జర భయముంటేనే..."

"నీతిని దంచి జొన్నగటక వండాల్నా?"

వెనక ఆడవాళ్లు కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వారు.

"నీ ఇంటికైతే తలుపున్నది పంతులూ. మాకు తడికెనాయె," అని ఆమె వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున యోహాను ఇంట్లో ఉండలేకపోయాడు. పుల్లమ్మ పిల్లల్ని తెచ్చే దారిలో, కందిచేను చాటున నిలబడ్డాడు. దొంగలా ఉంది తనకే.

"తోడేలు పిలగాన్ని ఎత్కపోయింది గదా," పుల్లమ్మ అంటోంది, "ఎత్కపోయి ఏం జేసింది?"

"తిన్నది అవ్వా," పుల్లమ్మ కొంగు పట్టుకొని నడుస్తున్న నర్సింగమ్మ కొడుకు అన్నాడు.

"యాడ తింటది? వాడు ఆపకుంట ఏడుస్తనే ఉండె. తోడేలు చెవులు గింగిర్లెత్తె. దాని పిల్లలకు నిద్రలేకపాయె. పెండ్లాం తోడేలు కట్టె తీసుకున్నది, 'పో, యాడ్నుంచి తెచ్చినవో గాడ్నే ఇడిసిరా' అని."

"మళ్ల?"

"మళ్లేంది? తెచ్చి తడికె కాడ దించి, 'అయ్యా, నీ కాళ్లు మొక్కుత, మీ అవ్వ కూలికాడ్నుంచి వచ్చేదాక నేనే కావలుంట, జర ఏడువకు' అన్నది."

పిల్లలు పడిపడి నవ్వారు. నర్సింగమ్మ కొడుకు కొంగు వదిలి చప్పట్లు కొట్టాడు.

తన తోడేలే అది. తను నాలుగు రోజులు కష్టపడి పుట్టించినది. ఇప్పుడు ఆమె వెనక కుక్కపిల్లలా నడిచిపోతోంది.

ఇంటికొచ్చి ఆ కథ రాయబోయాడు. పుల్లమ్మ మాట తీసి గ్రంథాల మాట పెడితే నవ్వు చచ్చిపోతోంది. చివరికి ఉన్నదున్నట్టు రాసి ఆమెను పిలిచాడు.

"అక్కా, నువ్వు చెప్పిన తోడేలు కథ పుస్తకానికి పంపుతున్న."

"నాదేంది తమ్ముడా? తోడేలును తెచ్చింది నువ్వే గదా. నేను జర మచ్చిక జేసిన."

ఆమె నాది అంటే ఆయన వాదించేవాడు. ఆమె అలా విసిరేసినట్టు ఇచ్చేయడమే ఆయనను ఎక్కువ కాల్చింది. కింద తన పేరొక్కటే రాసి పంపాడు.

పుస్తకాలు వచ్చాయి, బడికి ఐదు. ఏడో పాఠం తెరవగానే పిల్లలు అరిచారు, "గిది పుల్లవ్వ తోడేలు!" కొంచెం చదవడం వచ్చిన ఒక పిల్ల పేరు మీద వేలు పెట్టింది. "మరి గీడ నీ పేరున్నదేంది పంతులూ?"

"రాసింది నేను."

"చెప్పిందో?"

పిల్లలు వెళ్లాక ఆయన కలం తీసి, ఐదు పుస్తకాల్లోనూ తన పేరు పైన "చెప్పినది పుల్లమ్మ" అని రాశాడు. అక్షరాలు కాస్త చిన్నవిగానే పడ్డాయి.

మిగతా బళ్ల పుస్తకాల్లో ఆయన పేరొక్కటే ఉండిపోయింది. ఎప్పుడైనా ఆ ఊళ్లకు వెళ్తే, ఎవరూ చూడకుండా ఆ పేజీ తీసి చూసుకునేవాడు. కలం మాత్రం జేబులోనే ఉండిపోయేది.