మధ్యలో మిగిలిన పన్నెండు గజాలు

మా ఆయన సర్వేయరు. ముప్ఫై ఆరేళ్లు ఊళ్లకు ఊళ్లు కొలిచి రిటైరైన మనిషి రెండు రోజులు వెతికినా ఒక్క రాయి దొరకలేదంటే ఎవరైనా నమ్ముతారా? ఇంటికి కొత్త బల్ల కొన్నా టేపు తీసి, అంగుళం తేడా వచ్చిందని కొట్టువాడి మీదికి యుద్ధానికి వెళ్లే రకం. పెళ్లిచూపుల్లో నా ఎత్తు కంటితో చూసే చెప్పేశారు, అదీ సరిగ్గా!

ఈ సెలవులకు మా అల్లుడు కారవాన్ అద్దెకు తెచ్చాడు. మంచాలు, పొయ్యి, కుళాయి అన్నీ అందులోనే. మా మనవరాలు దానికి ఇల్లుబండి అని పేరు పెట్టేసింది. ఎక్కడికెళ్దామని అమ్మాయి అడగ్గానే, అడిగితే గానీ మాట్లాడని మా ఆయన టక్కున ఒక ఊరి పేరు చెప్పారు. సముద్రం పక్కన క్యాబేజీ పండించుకునే చిన్న ఊరట. ఈ వయసులో ఈయనకు సముద్రం మీద మోజు పుట్టిందే అని లోలోపల మురిసిపోయాను. నా పిచ్చి గానీ!

అక్కడ బళ్లు ఆపుకునే చోటు రెండు క్యాబేజీ చేల మధ్య సన్నగా, పొడుగ్గా ఉంది. ఒకదాని వెనక ఒకటి, ఒక్క వరసే పడుతుంది. మా బండి మెట్టు పక్కన సున్నం కొట్టిన రాయి ఒకటి నేలలోంచి కాస్త పైకి కనిపిస్తోంది. గిన్నెలు తుడిచిన బట్ట దాని మీద ఆరేశాను. పొద్దున్నే మా ఆయన ఆ బట్ట పక్కకు నెట్టి, రాయి మీద కూర్చుని బూట్ల తాళ్లు బిగించి, సముద్రం వైపు కన్నెత్తైనా చూడకుండా పొలాల్లోకి నడిచారు.

మధ్యాహ్నానికి మోకాళ్ల దాకా బురదతో వచ్చారు. చేతిలో మడతలు చిరిగిన పాత పటం.

"ఇక్కడ బావి ఉండాలి, లేదు. కాలవ అటు పారాలి, ఇటు పారుతోంది. ఇది ఆ ఊరేనా?" అని తనను తానే అడుగుతున్నారు.

"ఏం వెతుకుతున్నారో చెప్పండి మావయ్యగారూ, ఫోన్లో చూసేస్తా" అన్నాడు అల్లుడు.

"ఫోన్లో దొరకదయ్యా."

రెండో రోజూ అదే తంతు. ఆయన అయోమయం మా అందరికీ అంటుకుంది. మనవరాలు ఆయన వెనకాల తిరిగి తిరిగి దారితప్పి, ఎవరిదో బండెక్కి కూర్చుంది. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఏవండీ, సంగతేమిటో చెబుతారా, నన్ను బస్సెక్కించేస్తారా?"

అప్పుడు బయటపెట్టారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఇంకా ఖాయం కాకముందు, ఒక పెద్ద చేనును ఇద్దరు రైతులకు సమానంగా కొలిచి ఇవ్వడానికి ఇక్కడికి పంపారట. మొదటి రోజు తూర్పు చివర నుంచి కొలిచి ఒకరి హద్దురాయి పాతించారు. రెండో రోజు పడమటి చివర నుంచి రెండో వాళ్లది. రెండు రాళ్లూ ఒకేచోట కలవాలి. కలవలేదు. మధ్యలో పన్నెండు గజాల ముక్క మిగిలింది. కొలత గొలుసులో రెండు లింకులు తెగిపోతే ఎవరో మిగిలినదాన్ని తీగతో ముడేసి ఊరుకున్నారు, గొలుసు ఆ మేరకు పొట్టిదైపోయింది. ఈయన కొలిచే ముందు లింకులు లెక్కపెట్టుకోలేదు.

"మరి చెప్పొచ్చు కదా?"

"ఉద్యోగం పోతుందని భయపడ్డాను. కాగితం మీద రెండు రాళ్లూ కలిసిపోయాయని రాసేసి సాయంత్రం బస్సెక్కేశాను. ఆ ముక్క కోసం వాళ్లు తలలు పగలగొట్టుకుని ఉంటారే. ఒక్కసారి కనబడి, తప్పు నాదని చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు."

ఇన్నేళ్లూ నాకు కూడా చెప్పలేదని కోపం వచ్చింది. ఆయన మొహం చూసి జాలీ వేసింది. ఏది ముందో తేల్చుకునే లోపే బళ్ల చోటు చూసుకునే రైతమ్మ వచ్చేసింది, చేతిలో క్యాబేజీ కోసే కత్తితో సహా.

"అయ్యా, రెండ్రోజుల్నుంచీ మా చేలో తిరుగుతున్నారు. ఏం పోగొట్టుకున్నారు?"

మా ఆయన కత్తి వంక ఓసారి చూశారు. తర్వాత తలొంచుకుని అంతా చెప్పేశారు. ఆవిడ నోరు తెరుచుకుని విని, కత్తి మా మెట్టు వైపు చూపించింది.

"ఒక రాయి అమ్మగారు ఆరేసిన గుడ్డ కిందే ఉంది. రెండోది అదిగో, ఆ కంచె పక్కన. మీ బండి నిలబడింది ఆ పన్నెండు గజాల్లోనే!"

మా ఆయన రాయి వంకా పటం వంకా మార్చి మార్చి చూశారు. "మరి... కొట్టుకోలేదా?"

"గడ్డపారలు పట్టుకునే వచ్చారంట. తాడేసి కొలుచుకుంటే ఇద్దరికీ సమానంగానే తగ్గింది. ఇంకెవరి మీద అరుస్తారు? మధ్యలోది దారికి వదిలేశారు. ఇప్పుడు బళ్లు ఆగుతున్నాయి."

"ఆఫీసుకు రాయలేదేం?"

"రాద్దామనే అన్నాడంట పక్క చేనాయన. మా నాన్నే వద్దన్నాడు. ఆ సాయంత్రం చూశాడంట, గట్టు మీద ఓ కుర్రాడు గొలుసు ఒళ్లో పెట్టుకుని, లింకులు లెక్కపెడతా వెక్కివెక్కి ఏడుస్తుంటే. ఈ పిసరంత నేల కోసం వాడి కడుపు కొడతామా అన్నాడంట." ఆవిడ గొంతు తగ్గించింది. "నాన్న పోయి తొమ్మిదేళ్లయిందండీ."

మా ఆయన ఆ రాయి పక్కనే కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చారు. క్షమించమని అడగాల్సిన మనిషి లేడు, ఉన్నా అడగక్కర్లేదు.

ఉద్యోగం ఖాయమైందని తెలిశాకే మా నాన్న నన్ను ఈయనకిచ్చాడు. ఆ పెద్దాయన ఒక్క ఉత్తరం రాయించి ఉంటే ఈ కాపురం లేదు, ఈ కూతురు లేదు, అదిగో ఆ కంచె దగ్గర్నుంచి పరిగెత్తి వస్తున్న మనవరాలూ లేదు. ఆ పెద్దాయన పేరైనా నాకు తెలియదు. రాయి మీది బట్ట తీసి, దాంతోనే రాయికి అంటిన బురదంతా శుభ్రంగా తుడిచాను.