పజుండౌంగ్‌లో అమెరికా రేకు దాటిన కొత్తకోడలు

యాంగోన్ వెళ్లేవాళ్లు బంగారు పగోడా కోసం వెళ్తారు. నేను తుప్పు పట్టిన ఇనుము కోసం వెళ్లాను. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యం బురదనేలల మీద విమానాలు దింపడానికి గుండ్రటి చిల్లులున్న పొడవాటి ఇనుప పలకలు వాడింది. ఒకదాని కొక్కేలు పక్కదాని చీలికల్లో తగిలించుకుంటూ పోతే రన్‌వే తయారు. యుద్ధం అయ్యాక అవి జనం చేతికి వచ్చి కంచెలు, గేట్లు, కాలవల మీద చిన్న వంతెనలు అయ్యాయి. వీటి కోసం ఇదివరకు అస్సాం కూడా తిరిగాను. మా ఆయనకు ఇది పిచ్చి, నాకు చరిత్ర. నా బ్లాగు చదివే యాంగోన్ తెలుగాయన, టాక్సీ నడిపే శ్రీను, "అక్కా, మా ఇంటి ముందే ఉన్నాయి రెండు. తమ్ముడి పెళ్లికి రండి, సూపిస్తాను" అని రాశాడు. పెళ్లిభోజనంతో పాటు తుప్పు కూడా పెడతానంటే ఎవరు ఆగుతారు?

ఈ-వీసా తీసుకుని కోల్‌కతా మీదుగా వెళ్లాను. యాంగోన్ నడిబొడ్డున చౌక్తడాలో పాతకాలపు మేడలో గది దొరికింది. పొద్దున్నే కరెంటు పోయి లిఫ్టు ఆగింది, మెట్లు దిగేసరికి ఆకలి నకనకలాడింది. వీధి చివర ఒకావిడ చేపల పులుసులో బియ్యపు సేమ్యా వేసి మొహింగా పెట్టింది. అదయ్యాక సిటీ బస్సెక్కాను. అక్కడి డబ్బుల్లో కొన్ని వందల క్యాట్లతో శ్రీను వాళ్లుండే పజుండౌంగ్ చేరిపోవచ్చు. టాక్సీ అయితే ఎక్కకముందే బేరం తేల్చుకోవాలి.

పెళ్లి ఉదయమే గుడిలో అయిపోయింది. పెళ్లికూతురి పేరు మా సాండా (‘మా’ అనేది అక్కడ అమ్మాయిల పేర్ల ముందు పెట్టే మాట), బర్మా అమ్మాయి, వాళ్ల నాన్న ఇన్సేన్ రైల్వే వర్క్‌షాపులో పనిచేస్తాడు. వాళ్లింట్లో భోజనాలయ్యాక మధ్యాహ్నానికి అత్తారింట్లో అడుగుపెట్టాలి. నేను వెళ్లేసరికి శ్రీను వాళ్ల మామ్మ కాలవ పక్కన కుర్చీ వేసుకుని ఏడుపు మొహంతో కూర్చుంది. కాలవ మీద మూరెడైనా వెడల్పు లేని పలక ఒక్కటే ఉంది. బురద తీసేవాళ్లు రెండోది లేపి పక్కన పడేస్తే, పారేశారనుకుని పాతసామాన్లవాడు ఎత్తుకుపోయాడట.

"మా మావగారు యుద్ధంలో ఇక్కణ్ణించి నడిసి అస్సాం ఎల్లిపోనాడు. అక్కడ అమెరికావోళ్లకి ఈ రేకులే పరిసేడు. మల్లీ ఒచ్చినాక రేవుకాడ ఇయ్యే అమ్ముతుంటే కొన్నాడు. ఈటిమీంచే నాను కోడలిగా ఒచ్చేను, నా కోడళ్లూ ఒచ్చేరు. ఇప్పుడీ పెళ్లికూతురు గుంట ఏటి సేస్తాది?" అంది మామ్మ. ఆ తర్వాత గొంతు తగ్గించి, "తెలుగు పిల్ల దొరకనేదా అని ముందు నానే గొడవెట్టేను. ఇప్పుడు రేకు కూడా నేకపోతే, దానికి ఈ ఇంట్లో ఏటి మిగిలినట్టు?" అంది.

శ్రీను, నేను సైక్కా ఎక్కాం. సైకిలుకు పక్కన సీటు కట్టిన బండి అది. ఏటిపాయ ఒడ్డున పాతసామాన్ల కొట్లో గోడవారన అచ్చం అలాంటి పలకలు దొంతరగా ఉన్నాయి. నాకు పండగే! శ్రీనుకి చెమటలు.

"మనది ఏదో ఏటి తెలుస్తాదక్కా?"

తెలియదు. అన్నిటికీ అవే చిల్లులు, అదే తుప్పు. కాస్త నయంగా ఉన్నది ఎంచుకుని, నిజం మామ్మకే చెప్పేద్దామని భయపడుతూ తెచ్చాం. శ్రీను దాన్ని ఏటవాలుగా పట్టి కొక్కేలు తగిలించి పక్కకు జరపగానే టక్కున కూర్చుంది. మామ్మ వంగి చేత్తో తడిమింది.

"ఇది మనది కాదురా."

శ్రీను నోరు తెరిచేలోపే సందు మొదట్లో పెళ్లికారు హారను వినిపించింది. మా సాండా దిగి, కొత్త పట్టుచీర కుచ్చిళ్లు రెండు చేతులతో పట్టుకుని, కాలవ అవతలే ఆగిపోయింది. మామ్మ ఆ పిల్లకేసి చూసింది, రేకుకేసి చూసింది. ఒక్కసారిగా నవ్వేసింది.

"ఏ రేకైతేనేటి, తగులుకుందా నేదా? రావే అమ్మా, నీ ఇంటికి రా!" అని చెయ్యి చాచింది.

మాట పూర్తిగా అర్థమైందో లేదో గానీ ఆ పిల్ల చెయ్యి అందుకుని దాటేసింది. నాకు కళ్లు చెమర్చాయి. ఎక్కడి రేకు ఎక్కడిదానికైనా తగలాలనే ఆ పలకలు అలా చేశారని ఏళ్లుగా బ్లాగులో రాస్తున్నాను. దాని అర్థం నాకు ఆ కాలవ గట్టు మీదే తెలిసింది.

ఒక్క సలహా. ఈ పలకలు చూడాలని వెళ్తే మడమల చెప్పులు వేసుకోకండి. భోజనానికి లోపలికి వెళ్తూ నా చెప్పు చిల్లులో ఇరుక్కుంది. కొత్తకోడలే వంగి ఊడదీసి, వచ్చీరాని తెలుగులో, "సూసుకుని రండి, మా ఇల్లు" అంది.