బంధువులు కాని ముప్పైమంది

కుట్టుమిషను మీద ఇరవైయేళ్లు చొక్కాలకు కాలర్లు కుట్టిన సావీ, తెల్లవాళ్లే కాక దేశమంతా తొలిసారి ఓటు వేసిన ఏడాదే, నలభయ్యో ఏట, సమాజశాస్త్ర విద్యార్థిని అయింది. “దేశమే కొత్తగా బళ్లో చేరింది, నాకేం?” అనేది.

చదువు మూడో ఏట ఆమె, తాతల నాడు ఓడల్లో వలస వచ్చిన భారతీయులుండే మెరీబ్యాంక్ పేటలో ముప్పై ఇళ్లకు వెళ్లి, బతుకులు ఎలా మారాయో అడిగి రాసుకోవాలి. నియమం ఒక్కటే: జవాబు చెప్పేవారు బంధువులు కారాదు. అది తప్పితే పట్టా ఒక ఏడు వెనక్కి. ప్రశ్నావళి అన్న మాట పలకడానికి ఎంత సొంపుగా ఉంటుందో, ఎండలో మోసుకు తిరగడానికి అంత సొంపుగా ఉండదు. అది వేరే కథ.

మొదటి ఇంట అప్పలమ్మ అనే వృద్ధురాలు తలుపు తీసింది.

“మీ వయసెంత, ఆంటీ?”

“సెవెంటీ. ఎవరి పిల్ల నువ్వు?”

“సూబయ్య తాత గ్రాండ్‌డాటర్.”

“అయ్యో! మా నాయినా మీ తాతా ఒక్క షిప్‌లో వచ్చినారే! ఆంటీ ఏంటి, అత్తా అను. ఫారం పక్కన పెట్టు, రోటీ తిను ముందు.”

రెండో ఇంటి మునుస్వామి తమిళుడు. ఇక్కడైనా వరస కలవదని సావీ ఆశపడింది. ఆయన భార్యది తెలుగింటి పుట్టుక. “మా ఆవిడకి చెల్లివి. మరదలా, టీ?” అన్నాడాయన. ముప్పై ఇళ్లూ అలాగే ముగిశాయి.

“బ్లడ్ రిలేషన్ లేదు కదా! ‘బంధుత్వం లేదు’ అని రాయి, పాస్ అవు,” అన్నాడు భర్త కుమేషన్.

“రోటీ తినేసి లేదని రాయాలా?”

ఆమె ప్రతి కాగితం మీదా కలిసిన వరసనే రాసి, అధ్యాపకుడు ఆల్ఫ్రెడ్ ముందు పెట్టింది.

“ఈ అప్పలమ్మ మీకు రక్తసంబంధమా?”

“కాదు సర్. తలుపు తట్టిన కాసేపటికి అత్త అయింది.”

ఆల్ఫ్రెడ్ నవ్వాడు. “మా జులూ ఇళ్లలోనూ అంతే. వంశం పేరు అడగనిదే మా అమ్మ ఎవరితోనూ మాట సాగించదు. రక్తసంబంధం లేదు కనుక నియమం తప్పలేదు. కానీ మీకంటే ముందు వాళ్లే మిమ్మల్ని పరీక్షించారు. అదీ రాసి తెండి.”

ఆమె రాసింది, ఉత్తీర్ణురాలైంది. ఆ కబురు చెప్పడానికి అప్పలమ్మ ఇంటికి వెళ్తే, ముసలావిడ చెవి దగ్గరకు వంగింది.

“ఆ రోజు వయసు అడిగినప్పుడు నువ్వెవరో తెలీదు కదే. సెవెంటీ కాదు, ఎయిటీ. రాసుకో.”

సావీ నవ్వుతూ సంచిలో కలం కోసం వెతికింది.