తలుపు బయట చెప్పుకునే స్తోత్రం

మా పక్కింటి పెద్దాయన యూదుడు. అమెరికాలో, షికాగో దగ్గరి నేపర్‌విల్‌లో మేం ఇల్లు కొన్నప్పటి నుంచీ ఆయనే మా ఇరుగు. భార్య పోయాక ఒక్కడే ఉంటున్నాడు. నెత్తిన చిన్న గుండ్రటి టోపీ, చేతిలో ఎప్పుడూ ఏదో ఒక పనిముట్టు. వాళ్ల ఆహార నియమాలు వేరు కాబట్టి మా ఇంట్లో వండింది ముట్టడు. ఆయన వస్తే కాగితం కప్పులో పాలు లేని టీ, తొక్క తీయని అరటిపండు ఇస్తాను. నా గోంగూర మటన్ రుచి చూడని పొరుగువాడు ఆయనొక్కడేనని నాకు లోలోపల కాస్త ఉక్రోషంగా కూడా ఉండేది.

ఆయన అలవాటొకటి నాకు వింతగా తోచేది. మా బాత్‌రూమ్‌కి వెళ్లొస్తే తిన్నగా వచ్చి కూర్చోడు. తలుపు పక్కనే ఆగి, కళ్లు దించుకుని, కాసేపు పెదవులు కదుపుతాడు. వయసు మీదపడి తనలో తాను మాట్లాడుకుంటున్నాడేమోనని జాలిపడ్డాను. ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను.

"అదొక ప్రార్థన. ఒంట్లో తెరుచుకోవాల్సినవి తెరుచుకున్నాయి, మూసుకుని ఉండాల్సినవి మూసుకుని ఉన్నాయి. అందుకు దేవుడికి థాంక్స్ చెప్పుకుంటాం" అన్నాడు, ఈ పూట ఎండ బాగుందన్నంత మామూలుగా.

"బాత్‌రూమ్‌కి వెళ్లినందుకా?"

"వెళ్లిన ప్రతిసారీ. వాటిల్లో ఒక్కటి మొరాయించినా మనం ఆయన ముందు నిలబడలేం కదా. అయితే లోపల చెప్పం. చేతులు కడుక్కుని, బయటికొచ్చాకే."

మర్యాదగా తలూపాను. ఆయన వెళ్లాక పడీపడీ నవ్వాను. మా వారికి చెబితే, "దేవుడికి ఇంకేం పన్లేదా?" అన్నారు.

మాది గుంటూరు దగ్గరి క్రైస్తవ కుటుంబం. ఇక్కడి తెలుగు చర్చిలో ప్రతి ఆదివారం సాక్ష్యాలుంటాయి. దేవుడు చేసిన మేలును లేచి నిలబడి అందరి ముందూ చెప్పుకోవాలి. అయితే మేం చెప్పే మేళ్లన్నీ పెద్ద సైజువే. గ్రీన్‌కార్డు, ప్రమోషన్, పిల్లకి మెడికల్ సీటు. వాటిని ఎక్కువసేపు చెప్పడంలో మా వారిని మించినవాళ్లు లేరు. ఆయన మైకు అందుకోగానే వంటగదిలో ఆడవాళ్లు బిర్యానీ కింద మంట తగ్గించేస్తారు.

అలాంటి మనిషికి హెర్నియా ఆపరేషన్ అయింది. చిన్నదే అన్నారు, బాగానే అయిపోయింది. కానీ ఆ తర్వాత ఆయనకి మూత్రం రాలేదు. మత్తు వల్ల కొందరికి ఇలా అవుతుందని ట్యూబ్ వేసి, కాలికి సంచి కట్టి ఇంటికి పంపారు. వారం తర్వాత తీసి చూద్దామన్నారు. ఆయన నోరు మూతపడిపోయింది. టీవీ ముందు కూర్చుని, టీవీ కూడా చూసేవారు కాదు. నాకు భయమేసింది.

చర్చి వాట్సాప్ గ్రూపులో ప్రార్థన మనవి పెడతానన్నాను.

"ఏమని పెడతావే? మా ఆయనకి యూరిన్ రావట్లేదనా? పరువు పోద్ది" అని ఫోన్ లాక్కుని ఆయనే టైప్ చేశారు. నా ఆరోగ్యం గురించి భారంగా ప్రార్థించండి, వివరాలు చెప్పుకోలేని పరిస్థితి, అని.

సాయంత్రానికల్లా చర్చి అంతా అది క్యాన్సరేనని తేల్చేసుకుంది. ఉపవాస ప్రార్థన పెట్టారు. ఒకావిడ ఇంత పెద్ద ట్రేలో పులిహోర తెచ్చి, నన్ను వాటేసుకుని ఏడ్చింది. చర్చిలో పెద్దవారొకరు నన్ను పక్కకి పిలిచి, "ఇన్సూరెన్స్ అదీ ఉంది కదమ్మా?" అని మెల్లగా అడిగారు. నిజం చెబితే మా వారు ఊరుకోరు, అబద్ధమాడితే దేవుడు ఊరుకోడు. తల దించుకుని నిలబడ్డాను. దాంతో వాళ్ల అనుమానం ఇంకా గట్టిపడింది.

ట్యూబ్ తీసిన రోజు పొద్దున్నే ఇంటికి పంపించేశారు. క్లినిక్ మూసేలోగా దానంతటది రావాలి. రాకపోతే మళ్లీ ట్యూబ్, అది ఎన్నాళ్లుంచాలో చెప్పలేమన్నారు. ఆయన నీళ్లు తాగారు, హాల్లో అటూ ఇటూ తిరిగారు, బాత్‌రూమ్‌కి వెళ్లారు, వచ్చి తల అడ్డంగా ఊపారు. మధ్యాహ్నం దాటినా అదే వరస.

పెరట్లోకి వచ్చి నిలబడితే ఫెన్స్ అవతల నుంచి పక్కింటి పెద్దాయన పలకరించాడు. చర్చివాళ్ల దగ్గర దాచిందంతా ఆయన దగ్గర కక్కేశాను. ఆయన నవ్వలేదు.

"నాకూ ఒకసారి ఇలాగే అయింది. అంతకుముందు ఆ ప్రార్థన ఉత్త నోటితో చెప్పేవాణ్ణి" అన్నాడు. "సింక్‌లో ట్యాప్ తిప్పి ఉంచు. మాటిమాటికీ వచ్చిందా అని అడక్కు."

ట్యాప్ తిప్పాను. మా వారు లోపలికి వెళ్లి తలుపేసుకున్నారు. క్లినిక్‌కి బయల్దేరే టైమ్ అయిపోతోంది. కారు తాళాలు పట్టుకుని బాత్‌రూమ్ తలుపు బయట నిలబడ్డాను. వెళ్లేది మళ్లీ ఆ ట్యూబ్ వేయించడానికేనని తలుచుకుంటే తలుపు తట్టబుద్ధి కాలేదు.

అంతలో ట్యాప్ చప్పుడులో ఇంకో చప్పుడు కలిసింది. ఆగింది. మళ్లీ మొదలైంది.

"వస్తోందే" అన్నారాయన లోపల్నుంచి.

"రానివ్వండి. కంగారుపడకండి" అన్నాను.

ప్రాణం లేచొచ్చింది. గోడకి ఆనుకుని కింద కూలబడి, ఏడుస్తూ నవ్వుతూ అక్కడే ఉండిపోయాను. ఆయన చేతులు కడుక్కుని బయటికొచ్చి, తలుపు పక్కనే ఆగారు. కళ్లు దించుకున్నారు. పెదవులు కదిలాయి. ఆ యూదుల మాటలు ఆయనకి రావు. ఏం చెప్పుకున్నారో నేనడగలేదు.

ఆదివారం మా వారు సాక్ష్యానికి లేచారు. పులిహోర తెచ్చినావిడ అప్పుడే చేతిరుమాలు తీసింది.

"నాకు క్యాన్సర్ కాదు. ఆపరేషనయ్యాక మూత్రం ఆగిపోయింది. చెప్పుకోడానికి సిగ్గేసి మిమ్మల్నందర్నీ భయపెట్టాను. ఇప్పుడు వస్తోంది. దేవునికి స్తోత్రం."

అని కూర్చున్నారు. అంత చిన్న సాక్ష్యం ఆయన జన్మలో చెప్పలేదు. కుర్రాళ్లు పెదవులు కొరుక్కుంటున్నారు. నేను తలెత్తలేదు. అప్పుడు వెనక వరసల్లోంచి, తలలు నెరిసిన మగవాళ్లు కూర్చునే చోటు నుంచి, ఒక "ఆమెన్" వినిపించింది. దాని వెనకే మరొకటి, ఇంకొకటి. ఏ గ్రీన్‌కార్డుకీ అంత గట్టి ఆమెన్ నేను వినలేదు.

భోజనాల దగ్గర, ఇన్సూరెన్స్ గురించి అడిగిన చర్చి పెద్ద మా వారి పక్కకొచ్చి నిలబడ్డారు. చుట్టూ ఎవరూ లేరని చూసుకున్నారు.

"బ్రదర్, నాకూ చాన్నాళ్ల నుంచి అదే బాధ. ఇంట్లో కూడా చెప్పలేదు" అన్నారు. "మీరు చూపించుకున్న డాక్టరెవరు?"

మా వారు ప్లేటు పక్కన పెట్టి ఆయన చెయ్యి పట్టుకున్నారు.