కదలని అతుకు

సూరత్ మొత్తంలో నాకంటే చవగ్గా ఒక షెడ్డు కొలతలు తీయించిన మనిషి ఉంటే చూపించండి. సర్వేవాళ్లు చెప్పిన రేటు విని నవ్వేసి, మా నాన్న తమ్ముడు రాజేశం కాక చేతిలో టేపు పెట్టి ఊరి బయట కడోదరాకు పంపాను. ఖర్చు బస్సు చార్జీలు, ఒక పూట భోజనం. అంత తెలివైన నిర్ణయం మళ్లీ తీసుకునే ధైర్యం నాకు లేదు.

దయ్యాల సంగతి కూడా ముందే చెప్పేస్తాను. కిరాణా కొట్టులో పెరిగినదాన్ని. తక్కెట్లో పెట్టలేనిది ఏదీ మా నాన్న లెక్కలో సరుకు కాదు. ఎవరైనా దయ్యాన్ని చూశామంటే, ఎంత దూరం నుంచి చూశారు, కళ్లజోడు పెట్టుకున్నారా అని అడిగే రకాన్ని. ఇప్పటికీ అదే రకం. అందుకే ఇది రాయడానికి మొహమాటంగా ఉంది.

నేను చేసే పని, ఇంకా తయారుకాని షోరూముల్నీ ఇళ్లనీ కంప్యూటర్లో కట్టి బొమ్మలు తీయడం. మధ్యలో నిలబడి చుట్టూ తిరిగి చూస్తున్నట్టుండే బొమ్మలు, పనోరమాలు. ఒక పొడుగాటి బొమ్మను చేతి గాజులా గుండ్రంగా చుట్టి రెండు అంచులూ కలుపుతాం. అంచుల దగ్గర వెలుగు తేడా వస్తే నిలువుగా గీత కనిపిస్తుంది. రెండు వేరు వేరు తానుల గుడ్డను పక్కపక్కన పెట్టి కుట్టినట్టు. దాన్ని అతుకు అంటాం.

కడోదరాలో ఒక పాత మరమగ్గాల షెడ్డును చీరల షోరూముగా మారుస్తున్నారు. సోమవారం షోరూము యజమాని సేఠ్ తన అన్నదమ్ములకు ఆ బొమ్మలు చూపించాలి. కాక అలాంటి షెడ్లలోనే ఏళ్ల తరబడి మరమగ్గాలు, మావాళ్ల మాటలో సాంచాలు, నడిపాడు. ఆ మోతకు చెవులు మందగించాయి, తర్వాత షుగరు వచ్చింది, ఇప్పుడు పొద్దునా సాయంత్రం ఇన్సులిన్ సూది లేనిదే గడవదు. పెద్ద హాలు కొలతలు ముందే తీసి పంపాడు. వాటితో నేను హాలు కట్టేశాను. శనివారం మధ్యాహ్నం, మిగిలిన వెనక భాగం కొలవడానికి మళ్లీ వెళ్లాడు.

ఆదివారం పొద్దున అడాజన్‌లోని మా ఇంట్లో మొదటి బొమ్మ తీసి చూస్తే, హాలు వెనక గోడ మీద అతుకు. భయపడలేదు, నన్ను నేనే తిట్టుకున్నాను. సగం బొమ్మ మంచి కంప్యూటర్ మీద, సగం నేను బేరమాడి కొన్న సెకండ్‌హ్యాండ్ దాని మీద తీయిస్తున్నాను మరి. గీత సంగతి తర్వాత చూడొచ్చని బొమ్మను అలాగే సేఠ్‌కి పంపేశాను. ఈ గీత ఏమిటని వెంటనే మెసేజ్ వచ్చింది: "బెన్, యే లైన్ క్యా హై?"

అప్పుడే ఉధనా నుంచి చిన్నమ్మ ఫోను.

"బిడ్డా, మీ కాక రాత్రి ఇంటికి రాలే. ఫోన్ బందున్నది."

"పాత రూమోళ్ల దగ్గర పేకాటకి కూర్చునుంటాడు చిన్నమ్మా."

"పేకాటకు పోతె గూడ సూది యెంట కొంటవోతడు. సూది ఇంట్లనే ఉన్నది."

రూమువాళ్లకు ఫోన్ చేశాను, రాలేదన్నారు. షెడ్డు సూపర్‌వైజర్‌కి చేశాను. శనివారం తానే తాళం వేశానని, లోపల ఎవరూ లేరని, ఇవాళ సెలవని చెప్పి పెట్టేశాడు. చిన్నమ్మ పక్కింటివాళ్లను తీసుకుని ఆస్పత్రులు వెతకడానికి బయల్దేరింది. నేను మళ్లీ కంప్యూటర్ ముందు కూర్చున్నాను. చేతులు ఖాళీగా ఉంటే ఏవేవో ఆలోచనలు వస్తున్నాయి.

అతుక్కి మామూలు వైద్యం ఒకటుంది. కెమెరాను కాస్త తిప్పితే అంచులు కలిసే చోటు కూడా తిరుగుతుంది. దాన్ని ఏ స్తంభం వెనక్కో నెట్టి అక్కడ సరిచేస్తాం. తిప్పాను. గీత స్తంభం మీదికి రాలేదు. వెనక గోడ మీదే ఉంది.

రెండో వైపు తిప్పాను. అక్కడే ఉంది. బొమ్మ మొత్తం మంచి కంప్యూటర్ మీదే తీశాను. అక్కడే. చివరికి హాల్లో నేను పెట్టిన దీపాలన్నీ ఆర్పేశాను, కిటికీల వెలుగు కూడా తీసేశాను. అలా చేస్తే బొమ్మ నల్లటి పలకలా రావాలి. వచ్చింది కూడా, గోడ మీద ఆ ఒక్క తెల్లటి గీత తప్ప.

అప్పుడు గమనించాను. అతుకు అన్నాక పైకప్పు నుంచి నేల దాకా సాగాలి. ఇది నేల దగ్గర మొదలై ఒక మనిషి ఎత్తున ఆగిపోయింది.

కాక పంపిన కొలతల్లో అది వట్టి గోడ. అతను తీసిన ఫొటోలో మాత్రం దానికి ఆనించి ప్లైవుడ్ షీట్లు నిలబెట్టి ఉన్నాయి. గోడ ఎలా ఉందో కనిపించదు. కొట్టులో పెరిగినదానికి వచ్చే ఆలోచనే వచ్చింది నాకు. సరుకు అడ్డం పెట్టిన చోట వెనక ఏముందో చూడాలి. అంతకుమించి ఏమీ తోచలేదు. సూపర్‌వైజర్‌ని షెడ్డు దగ్గరికి రమ్మని చెప్పి బయల్దేరాను.

ఆటోవాడు చెప్పిన రేటుకే ఎక్కాను. నా జీవితంలో అది మొదటిసారి. దారిలో ఉధనాలో చిన్నమ్మ ఎక్కింది, ఒళ్లో సూదుల డబ్బా.

సూపర్‌వైజర్ విసుక్కుంటూ వచ్చి, లోపల ఎవరూ లేరన్న ఫోన్లో మాటే మళ్లీ చెప్పాడు. "అందర్ కోయీ నహీ హై బెన్. మైనే ఖుద్ తాలా మారా."

"తాళం తియ్యి భయ్యా. ముచ్చట తర్వాత," అంది చిన్నమ్మ.

లోపల కరెంటు లేదు. వెనక గోడ దగ్గర ఫొటోలో కంటే ఎక్కువ షీట్లు ఉన్నాయి, వాటి ముందు బరువైన ఇనుప బీములు దొర్లించి పెట్టారు. అది వట్టి గోడేనన్నాడు సూపర్‌వైజర్. చిన్నమ్మ అరచేత్తో బాదింది. చెవి ఆనించి విన్నాం. పక్క షెడ్ల సాంచాల మోత తప్ప ఏమీ లేదు. నేను గీత ఎక్కడుందో అక్కడ వేలు పెట్టి, ఇక్కడే తీయండి అన్నాను.

ముగ్గురం బీములు పక్కకు దొర్లించాం, షీట్లు లాగాం. వెనక తలుపుంది, బయట గడియ వేసి.

కాక గడప దగ్గరే పడి ఉన్నాడు. పెదాలు పగిలి, పిలిస్తే కళ్లు మాత్రం కదిలించాడు. ఇంకొన్ని గంటలు ఆలస్యమైతే దక్కేవాడు కాదని ఆస్పత్రిలో డాక్టరు అన్నారు.

మాట వచ్చాక జరిగింది చెప్పాడు. కొలవడానికి, నిలబెట్టిన షీట్ల పక్కనుంచి ఆ గదిలోకి దూరాడు. హమాలీలు వచ్చి, లోపల మనిషి ఉన్నది చూడక, గడియ పెట్టి సరుకు అడ్డం పేర్చి వెళ్లిపోయారు. ఇతనికి వినపడలేదు. తర్వాత ఇతని కేకలు ఎవరికీ వినపడలేదు. గోడల మధ్య ఫోనుకు సిగ్నల్ లేదు.

"తలుపు సందులకెల్లి ఫోన్ లైటు కొట్టుకుంట నిలవడ్డ బిడ్డా, ఎవలన్న సూస్తరని. రాత్రే బందువడ్డది." ఒక గుక్క నీళ్లు తాగి అన్నాడు, "ఆ అర్ర కొలత మాత్రం తీసిన. రాసుకో."

చిన్నమ్మ నెత్తి కొట్టుకుంది. "సావు బతుకుల మీద గూడ టేపు ఇడ్వలే ఈ మనిషి!"

ఆ లైటు రాత్రే ఆరిపోయింది. నేను మొదటి బొమ్మ తీసింది మర్నాడు పొద్దున, అడాజన్‌లో కూర్చుని, తలుపే లేని గోడకు.

సోమవారం అదే ఫైలు, ఏమీ మార్చకుండా, మళ్లీ తీశాను. గీత లేదు. పాత బొమ్మల్లో ఇప్పటికీ ఉంది, సేఠ్ ఫోన్లోనూ ఉంది. హజీరాలో ఇంజినీరైన మా ఆయన సెట్టింగ్ తప్పన్నాడు, తర్వాత పాత కంప్యూటర్ దోషమన్నాడు. రెండూ ఒప్పుకున్నాను. కెమెరా తిప్పినా అది ఎందుకు కదలలేదు, మనిషి ఎత్తున ఎందుకు ఆగింది అని అడిగితే స్కేలు తెచ్చి తెర మీద గీతను కొలిచాడు.

ఇక ఫైనల్ బిల్లు. బొమ్మలకు ఒప్పుకున్న రేటు వేశాను. సర్వేకి, నేను విని నవ్విన ఆ రేటే పూర్తిగా వేశాను, అది కాకకే చేరాలని. "ఘర్ కా హీ ఆద్మీ థా నా, బెన్?" అంటూ, కొలిచింది మా ఇంటి మనిషేనని సేఠ్ బేరం మొదలుపెట్టాడు. బొమ్మల్లో తగ్గించాను, అందులో తగ్గించలేదు. ఆటో, ఆస్పత్రి నా ఖాతా.

చివర్న, అతుకు సరిచేసినందుకు అని ఒక వరుస ఎప్పుడూ ఉంటుంది నా బిల్లులో. గంటల లెక్కన వేస్తాను, ధారాళంగానే వేస్తాను. ఈసారి గంటలు వేసి, కొట్టేశాను. గీత పోయిన మాట నిజమే. తీసింది నేను కాదు. సున్నా వేసి పంపించాను.